ఆ రెండు బీరువాలు కాటాకు ఎక్కకముందు: పర్లాకిమిడి మెకానిక్ సోదరులకు బహిరంగ లేఖ

సంఘం కమిటీ పెద్దలకు, తోటి ఎలక్ట్రానిక్స్ మెకానిక్ అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

పోయిన నెల మీటింగ్‌లో మనమొక తీర్మానం చేశాం. మన గదిలో ఉన్న రెండు ఇనప బీరువాల పుస్తకాలను పాత పేపర్ల కొట్టుకు కిలో లెక్కన ఇచ్చేయాలి, వచ్చిన డబ్బుకు సంఘం నిధి కొంత కలిపి రెండు ట్యాబ్‌లు కొనాలి, ఇకమీదట డేటా షీట్‌లన్నీ (ఒక్కో పార్టు కాళ్ల వరుస, పరిమితులు చెప్పే కంపెనీ కాగితాలు) అందులోనే చూసుకోవాలి. చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు. మర్నాడు తాళం అడిగి తీసుకుని గదికి వెళ్లాను. బీరువా తీసి మూడు గంటలు కింద కూర్చుని పుస్తకాలు తిరగేశాను. అక్కడ చూసింది మీకు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. గుణుపురం, కాశీనగర్, పాతపట్నం, టెక్కలి వైపు పనిచేసే వాళ్ల దగ్గరా ఇలాంటి బీరువాలు ఉంటాయి కాబట్టి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఫోన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నా బల్ల మీదికి వచ్చే పనిలో సగానికి పైగా ఫోన్ లేనిదే జరగదు. మొన్న ఎండాకాలం పాతపట్నం నుంచి బ్యాటరీ ఆటో ఛార్జర్ ఒకటి వచ్చింది. అందులో ఆవగింజంత ట్రాన్సిస్టర్లు. వాటి మీద రెండు మూడు అక్షరాలకే చోటు ఉంటుంది. 1ఏఎం అని ఉంటే 3904 ట్రాన్సిస్టర్ అనీ, ఏ7 అని ఉంటే బీఏవీ 99 జంట డయోడ్ అనీ వెతికి తెలుసుకోవాలి. అదే కోడ్‌ను ఇంకో కంపెనీ ఇంకో పార్టు మీద వేసి ఉండొచ్చు. దీనికి మన బీరువాలో ఏ పుస్తకమూ పనికిరాదు, నెట్‌లో వెతకాల్సిందే. ప్రోగ్రామ్ ఎక్కించుకుని పనిచేసే చిప్‌లు, అంటే మైక్రోకంట్రోలర్ల సంగతి సరేసరి. ఏటీమెగా 328పీ పూర్తి డేటా షీట్ 600 పేజీలు దాటుతుంది. ఎస్‌టీఎం32ఎఫ్103 రిఫరెన్స్ మాన్యువల్ 1000 పేజీలు దాటుతుంది. అంత పుస్తకంలో ఒక రిజిస్టర్ (చిప్ లోపలి చిన్న జ్ఞాపక గది) పేరు కోసం వేలితో వెతికే బదులు పీడీఎఫ్‌లో ఆ పేరు కొడితే క్షణంలో పని అయిపోతుంది. పైగా ఇలాంటి చిప్‌లలో లోపాలు అవి బజారుకు వచ్చాకనే బయటపడతాయి. కంపెనీ వాటిని ఎర్రాటా అనే వేరే పత్రంలో రాస్తుంది, అవసరమైనప్పుడల్లా దాన్ని మారుస్తుంది. నిరుడు అచ్చయిన కాగితానికి ఈ ఏడు బయటపడిన లోపం తెలియదు. మారే వాటికి తెరే మేలు. ఇందులో వాదన లేదు.

అందుకే ట్యాబ్‌లు కొనండి. నా వంతు చందా నేనిస్తాను. ఆ డబ్బు కోసం బీరువాలు ఖాళీ చేయకండి అనేదొక్కటే నేను అడిగేది.

ఆ పుస్తకాలు ఎక్కడివో కొత్తగా చేరిన తమ్ముళ్లకు తెలియదు. మన మాస్టారు కొన్నవి అవి. పేరు రాయనక్కర్లేదు, ఊళ్లో మైకు సెట్టు ఉన్న ప్రతి ఇంటికీ ఆయన తెలుసు. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి, కలకత్తా చాందినీ మార్కెట్ నుంచి, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ నుంచి సంచుల్లో మోసుకొచ్చారు. నౌపడాలో పెద్ద రైలు దిగి, అక్కడి నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలెక్కి, ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. అప్పట్లో నేషనల్ సెమీకండక్టర్, మోటరోలా, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఫిలిప్స్ డేటా బుక్‌లు, అంటే డేటా షీట్‌లన్నీ కలిపి అచ్చేసిన పుస్తకాలు, ఇటుకరాళ్లంత లావుండేవి. ఒక్కో పుస్తకానికి ఆయన ఎన్ని ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసి ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ రేడియోల మూతలు విప్పింది నేనే.

నేను ఆయన దగ్గర చేరిన మొదటి ఏడాది జరిగింది చెబుతాను. పెళ్లిళ్ల సీజన్. ఒక మైకు సెట్టు మిక్సర్‌కు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సప్లై కట్టమన్నారు. వోల్టేజ్‌ను నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు రెండు: ప్లస్‌కు 7812 ఒకటి, మైనస్‌కు 7912 ఒకటి. చూడడానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. మూడు కాళ్లు, వెనకాల రేకు. 7812 రేకును, వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్‌కు నేరుగా బిగించాను, ఏమీ కాలేదు. 7912 కూడా అలాగే అదే హీట్‌సింక్‌కు బిగించాను. స్విచ్ వేశాక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. 78 వరుసలో మధ్య కాలూ, వెనక రేకూ గ్రౌండ్ (సున్నా వోల్టుల చోటు). 79 వరుసలో మొదటి కాలు గ్రౌండ్, మధ్య కాలూ రేకూ ఇన్‌పుట్. రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు మైకా (కరెంటును దాటనివ్వని పల్చటి పొర) లేకుండా బిగిస్తే మైనస్ ఇన్‌పుట్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలిపినట్టే.

మాస్టారు తిట్టలేదు. డేటా బుక్ తెచ్చి 79 వరుస పేజీ తీసి నా వేలు పట్టుకుని బొమ్మ మీద పెట్టారు. "ఏటి రాసుంది రేకు దగ్గర? చదువు బాబూ" అన్నారు. చదివాను. అప్పుడు పెన్సిల్ తీసి ఆ బొమ్మ పక్కన రాశారు: "రేకు గ్రౌండ్ కాదు. మైకా తప్పనిసరి." మొన్న బీరువా తీసినప్పుడు నేను మొట్టమొదట వెతికింది ఆ పేజీనే. ఉంది. పెన్సిల్ కాస్త మాసింది గానీ చదవొచ్చు. దాని కింద ఇంకెవరో నీలం పెన్నుతో "నిజం" అని రాశారు. అది ఎవరి చేతిరాతో నాకు తెలియదు. మీలో ఒకరిదే అయి ఉండాలి.

ఆ పేజీ చూశాక మిగతావి ఆగి ఆగి తిరగేశాను. ట్రాన్సిస్టర్ ఈక్వలెంట్ పుస్తకంలో బీసీ 547కు బదులు బీసీ 548 అని అచ్చయి ఉంది. పక్కన మాస్టారి అక్షరాలు: "30 వోల్టులు దాటే చోట వద్దు." నిజమే, 547 కలెక్టర్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య 45 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, 548 ఓర్పు 30 దగ్గర ఆగిపోతుంది. చిన్న రేడియోలో ఆ తేడా ఎవరికీ తెలియదు, ఎక్కువ వోల్టేజ్ ఉన్న బోర్డులో వేస్తే పేలుతుంది. 2ఎస్‌సీ 1815 దగ్గర: "కాళ్లు చూసుకో, 547 లాగ కాదు." చదును వైపు మనకు ఎదురుగా పెట్టుకుని ఎడమ నుంచి చూస్తే 547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. 1815కు ఎమిటర్, కలెక్టర్, బేస్. ఎల్ఎం 317 రెగ్యులేటర్ దగ్గర: "ఇందులో రేకు అవుట్‌పుట్." ఎన్ఈ 555 అనే టైమర్ చిప్ (ఐసీ) పేజీలో 16 వోల్టుల అంకె చుట్టూ సున్నా చుట్టి "లారీ బ్యాటరీ 24. నేరుగా ఇవ్వొద్దు, జీనర్ పెట్టు" అని ఉంది. జీనర్ అంటే వోల్టేజ్‌ను ఒక హద్దు దాటనివ్వని డయోడ్. అది రాయడానికి ముందు ఎంతమంది లారీ ఓనర్లు ఇండికేటర్ ఫ్లాషర్ కాలిపోయిందని కొట్టు ముందు నిలబడ్డారో నాకు గుర్తే.

ఈ రాతలు ఏ కంపెనీ పీడీఎఫ్‌లోనూ దొరకవు. ఆ పుస్తకాల్లోని అచ్చు భాగం చాలావరకు నెట్‌లో దొరుకుతుందని నేనూ ఒప్పుకుంటాను. పెన్సిల్ భాగం మాత్రం ఆ బీరువాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మాస్టారిదే కాదు. కొన్ని పేజీల్లో ఒడియా రాత ఉంది. ఆయన దగ్గర పనిచేసిన ఒడియా కుర్రాళ్లు రాసుకున్నవి. ఒక పేజీలో తెలుగులో ప్రశ్న, దాని కింద ఒడియాలో జవాబు. ఇద్దరు మనుషులు, రెండు లిపులు, ఒక్క ఐసీ.

ఇక్కడ మనందరికీ తెలిసిన కష్టం ఒకటుంది. మనది ఒడిశా ఊరు. మన ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు లిపి చదవగలిగిన కుర్రాళ్లు మన సంఘంలోనే తగ్గిపోతున్నారు. అంటే బీరువా అలాగే ఉంచినా ఇంకొన్నేళ్లకు ఆ పెన్సిల్ రాత చదివేవాళ్లు ఉండరు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ సవర గిరిజనుల నోట ఉన్న మాటలు విని, ఒక్కొక్కటే కాగితం మీద పెట్టారని మనం ఏటా ఆగస్టు 29న చెప్పుకుంటాం. మనం ఎవరి ఊరికీ వెళ్లనక్కర్లేదు. మన బీరువాలో ఉన్న మాటలు మనమే ఎత్తి రాయాలి.

తిత్లీ తుపాను రోజులు మీరు మరిచిపోయి ఉండరు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటి మన జిల్లా మీద పడింది. మా వీధిలో కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ రోజుల్లో మనకు వచ్చిన పనులు గుర్తున్నాయా? టీవీలు ఎవరూ తేలేదు. ఇన్వర్టర్లు, జనరేటర్ల వోల్టేజ్ రెగ్యులేటర్ బోర్డులు, ఎమర్జెన్సీ లైట్లు, బ్యాటరీ ఛార్జర్లు తెచ్చారు. ఒక మందుల షాపాయన ఇన్వర్టర్ తెచ్చి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది తమ్ముడూ అన్నాడు. దాని డ్రైవర్ ఐసీ నంబరు నాకు కొత్తది. ఫోన్‌లో నెట్ లేదు, ఉన్న కాస్త ఛార్జింగ్ ఇంటివాళ్లతో మాట్లాడడానికి దాచుకున్నాను. కొవ్వొత్తి పెట్టుకుని డేటా బుక్‌లో దాని పక్క జాతి ఐసీ వెతికి, అందులోని సర్క్యూట్‌తో పోల్చుకుంటూ ఏ కాలి దగ్గర ఎంత రావాలో రాసుకుని పట్టుకున్నాను. పోయింది ఐసీ కాదు, దాని పక్కన ఒక రెసిస్టర్ తెగింది. రాత్రికి ఇన్వర్టర్ నడిచింది.

అయితే అదే తుపాను కాగితం గురించి ఇంకో సంగతి కూడా నేర్పింది, అది దాచి మాట్లాడితే తప్పవుతుంది. గదిలోకి నీళ్లొచ్చి కింది అరలోని పుస్తకాలన్నీ తడిసిపోయాయి. నున్నటి కాగితం వేసిన పుస్తకాలు ఆరాక ఒకదానికొకటి అతుక్కుని దిమ్మలైపోయాయి, విప్పితే అచ్చు ఊడి వచ్చింది. అప్పుడు ఎనిమిది పుస్తకాలు పారేశాం. వాటి మార్జిన్లలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. చెదలు, వెండిపురుగు సంగతి వేరే చెప్పాలా? కాబట్టి కాగితమైతే శాశ్వతం అని నేను అనడం లేదు. రెండూ పోయే వస్తువులే, కాకపోతే ఒకే రోజున, ఒకే కారణంతో పోవు. తడికి కాగితం పోతుంది, కరెంటు లేనప్పుడు తెర పోతుంది. ఒకటి పోయిన రోజున రెండోది చేతిలో ఉండాలి.

నెట్‌లో ఎప్పటికీ ఉంటుందిలే అనే మాట మీటింగ్‌లో చాలాసార్లు వినబడింది. మన బీరువాలోని పుస్తకాల వెన్ను మీద పేర్లు చూడండి. మోటరోలా ట్రాన్సిస్టర్లు, డయోడ్ల వ్యాపారం 1999లో ఆన్ సెమీకండక్టర్ అనే కొత్త కంపెనీ అయింది. ఫిలిప్స్ సెమీకండక్టర్స్ 2006లో ఎన్ఎక్స్‌పీ అయింది. నేషనల్ సెమీకండక్టర్‌ను 2011లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. మన అసెంబుల్డ్ ఆంప్లిఫయర్లన్నిటికీ ప్రాణమైన ఎల్ఏ 4440 సాన్యోది, ఆ సాన్యో సెమీకండక్టర్ కూడా 2011లోనే ఆన్ చేతికి వెళ్లింది. ఫెయిర్‌చైల్డ్ 2016లో అక్కడికే వెళ్లింది. చేతులు మారినప్పుడల్లా వెబ్‌సైట్ మారుతుంది, తయారీ ఆపేసిన పార్టుల పేజీలు ఎక్కడో అడుగున పడిపోతాయి, లేదా తీసేస్తారు. తర్వాత మనకు దొరికేది ఎవరో ఎప్పుడో స్కాన్ చేసి పెట్టిన మసక కాపీ, దాని చుట్టూ ప్రకటనలు. కొత్త ఐసీ కొనేవాడికి దీనితో ఇబ్బంది లేదు. మన దగ్గరికి వచ్చే వస్తువులు మాత్రం 20, 30 ఏళ్ల నాటివి. కొండ మీది ఊళ్ల నుంచి ఇప్పటికీ టేప్‌రికార్డర్లు వస్తున్నాయి కదా.

మసక కాపీతో వచ్చే ప్రమాదం కొంచెం వివరంగా చెప్పాలి, కుర్రాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. పాత కాపీల్లో దశాంశ బిందువు ఎగిరిపోతుంది, 4.7 కాస్తా 47 అవుతుంది. అందుకే సర్క్యూట్లలో 4కె7 అని, బిందువు ఉండాల్సిన చోట అక్షరం పెట్టి రాసే పద్ధతి వచ్చింది. కాపీ ఎంత మాసినా అక్షరం మిగులుతుంది. కొన్ని పత్రాలను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చేటప్పుడు గ్రీకు అక్షరాలు తారుమారవుతాయి. మైక్రో గుర్తు ఉండాల్సిన చోట ఎం అక్షరం కనబడుతుంది, అంటే మైక్రోఫారడ్ కాస్తా మిల్లీఫారడ్‌లా చదువుకుంటాం. ఓమ్ గుర్తు పోయి డబ్ల్యూ వస్తుంది, 100 ఓమ్‌లు 100 వాట్లలా కనబడతాయి. ఆ రెండు అక్షరాలూ ఆ గుర్తుల ఫాంట్‌లో అవే మీటల మీద ఉండడమే దీనికి కారణం. తెలిసినవాడు నవ్వుకుని సరిచేసుకుంటాడు. కొత్త కుర్రాడు 100 వాట్ల రెసిస్టర్ కోసం బరంపురం ఫోన్ చేస్తాడు.

వాట్సాప్‌లో సర్క్యూట్ ఫొటో పంపితే అది కుదించుకుపోయి అంకెలు చుక్కలైపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఆ బాధ ఉండదు. ఈ చిన్న విషయం గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు.

పేరు సగం కొట్టి వెతకడం ఇంకో ప్రమాదం. పీఎన్ 2222ఏ అనే ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్‌కు కాళ్ల వరుస ఎమిటర్, బేస్, కలెక్టర్. పీ2ఎన్ 2222ఏ అనే దానికి సరిగ్గా తలకిందులు: కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండూ చూపుకు ఒకటే. వెతుకులాటలో 2222 అని కొట్టి ముందు వచ్చిన బొమ్మ చూసి సోల్డర్ చేసేస్తే బోర్డు పనిచేయదు, తప్పు ఎక్కడుందో పూటంతా వెతకాలి. పీడీఎఫ్ తెరిచేటప్పుడు పూర్తి నంబరు, కంపెనీ పేరు, కింద మూలన ఉండే రివిజన్ తేదీ, ఈ మూడూ చూడడం అలవాటు చేయాలి. పుస్తకంలో కంపెనీ, సంవత్సరం అట్ట మీదే ఉండేవి, మనం చూడకపోయినా కంటబడేవి.

బల్ల దగ్గర పనిచేసే తీరు కూడా ఆలోచించండి. కరెంటు ఉన్న లైవ్ బోర్డు మీద ఎడమ చేత్తో మీటర్ నల్ల ప్రోబ్, కుడి చేత్తో ఎర్ర ప్రోబ్ పట్టుకుని 14వ కాలి వోల్టేజ్ చూస్తుంటాం. అప్పుడే ఫోన్ తెర ఆరిపోతుంది. మోచేత్తో తట్టి వెలిగిద్దామని ఒక్క క్షణం కదిలితే ప్రోబ్ జారి పక్క కాలికి తగులుతుంది. ఆ ఐసీ అంతటితో సరి. ఇది నాకు రెండుసార్లు జరిగింది, రెండోసారి పోయింది కస్టమర్ మెయిన్ బోర్డు, దాని ఖరీదు నేనే పెట్టుకున్నాను. అదే పుస్తకం అయితే స్క్రూడ్రైవర్ బరువు పెట్టి తెరిచి ఉంచితే సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. కాళ్ల వరుస చూపే పిన్ బొమ్మ ఒక పేజీలో, ఎంత వోల్టేజ్ దగ్గర ఎంత కరెంటు ఓర్చుకుంటుందో చూపే సేఫ్ ఆపరేటింగ్ ఏరియా గ్రాఫ్ ఇంకో పేజీలో ఉంటే మధ్యలో వేలు పెట్టుకుని రెండూ చూసుకోవచ్చు. పెద్ద సర్క్యూట్ డయాగ్రమ్‌ను ఆరంగుళాల తెర మీద జరుపుతూ జరుపుతూ ఏ గీత ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోవడం మనందరికీ తెలిసిందే.

అందుకని నేను కమిటీని అడిగేది ఇది. కాటాకు వేయడం రెండు నెలలు ఆపండి. ఆ రెండు నెలల్లో ఆదివారాలు కూర్చుని పుస్తకాలను ఒక్కొక్కటీ తెరిచి చూద్దాం. ఒకే పుస్తకం రెండు కాపీలుండి రెండో దాంట్లో ఏ రాతా లేకపోతే అది వెళ్లిపోవచ్చు. పాత ధరల పట్టీలు, కంపెనీ ప్రచార క్యాటలాగులు వెళ్లిపోవచ్చు. చెద పట్టినవి బీరువాలో ఉండనే కూడదు, పక్కవాటికి ఎక్కుతుంది. ఇలా తీసేస్తే ఒక బీరువా ఖాళీ అవుతుందని నా అంచనా. ట్యాబ్‌లు పెట్టుకోవడానికి చోటు కావాలని మీటింగ్‌లో అన్న మాటకు అది చాలు.

పెన్సిల్ రాత ఉన్న ప్రతి పేజీని స్కాన్ చేద్దాం. ఫోన్ ఫొటో కాదు, స్కానర్ మీద పెట్టి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), గ్రే రంగులో. నలుపు తెలుపులో చేస్తే పెన్సిల్ గీత ఎగిరిపోతుంది. స్కాన్ చేసిన పేజీతో పాటు ఆ రాతను తెలుగులో టైప్ చేసి, పక్కన ఒడియాలో, ఇంగ్లీషులో రాద్దాం. ఒడియా రాతలకు తెలుగు. దీనికి రెండు లిపులూ వచ్చిన వాళ్లు కావాలి, మనలో ఇంకా ఆరేడుగురు ఉన్నారు. ఫైల్ పేరులో ముందు పార్టు నంబరు, తర్వాత కంపెనీ, తర్వాత సంవత్సరం పెట్టాలి. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నట్టు డౌన్‌లోడ్ ఒకటి, డౌన్‌లోడ్ రెండు అని ఉంటే వెతకడం కన్నా పుస్తకం తిరగేయడమే తొందరగా అవుతుంది. ఈ స్కాన్లు మన గదిలో వాడుకోవడానికే, పుస్తకం మొత్తం చేసి బయట పంచడానికి, అమ్మడానికి కాదు.

ట్యాబ్‌లలో పీడీఎఫ్‌లన్నీ నెట్ లేకుండా తెరుచుకునేలా దింపి ఉంచాలి. కంపెనీ సొంత సైట్ నుంచే దింపాలి. మెమరీ కార్డు ఒక్కటే నమ్ముకోవద్దు, ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అందులోనూ చెరుగుతుంది. ఒక కాపీ గదిలో, ఇంకో కాపీ వేరే వీధిలో ఎవరి ఇంట్లోనైనా ఉండాలి. ఏడాదికోసారి, దసరా ఆయుధపూజకు పనిముట్లు తుడిచే రోజున, రెండు కాపీలూ తెరిచి చూస్తే సరిపోతుంది.

రోజూ వాడే ఓ 40 పార్టులకు మాత్రం మళ్లీ కాగితమే. 78, 79 వరుసలు, 317, 555, 547, 1815, 4440, 2ఎన్ 3055 లాంటివి. ఒక్కో దానికి మొదటి పేజీ, పిన్ బొమ్మ, గరిష్ఠ పరిమితుల పట్టిక లేజర్ ప్రింట్ తీసి లామినేషన్ చేయిద్దాం. ఇంక్‌జెట్ వద్దు, చెమట చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మాస్టారి మాట ఆ పేజీ మీదనే, మూడు లిపుల్లోనూ ఉండాలి. పార్టు కొలతల బొమ్మ ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ అనే ఆప్షన్ తీసేయమని జిరాక్స్ షాపు కుర్రాడికి చెప్పాలి, లేకపోతే బొమ్మ కొద్దిగా కుంచించుకుపోయి దాని మీద పార్టు పెట్టి చూస్తే కాళ్లు కలవవు.

సర్వీస్ మాన్యువళ్ల గురించి ఒక్క ముక్క. పాత రేడియోకు సర్క్యూట్ వెనక మూత లోపలే అంటించి ఇచ్చేవారు. ఇప్పటి టీవీకి, ఇన్వర్టర్‌కు మనం అడిగినా ఇవ్వరు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ వస్తువుల మాన్యువళ్లు, రిపేర్ వివరాలు అక్కడ అందుబాటులో పెట్టాలన్నది దాని ఉద్దేశం. మనకు రోజూ వచ్చే మోడళ్ల పట్టీ తయారుచేసి, వాటి సర్క్యూట్లు కావాలని సంఘం తరఫున ఆ శాఖకు ఒక ఉత్తరం రాయండి. ఒక్కో కొట్టు నుంచి ఒక్కో మనిషి అడిగితే ఎవరూ పలకరు. ఆ ఉత్తరం ముసాయిదా నేను రాసి తెస్తాను, ఇంగ్లీషులోకి మార్చడానికి మన కాలేజీ కుర్రాళ్లు సాయపడతామన్నారు.

స్కానర్ నా దగ్గర ఉంది, పాతదే గానీ బాగా పనిచేస్తుంది. వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు గదికి తెస్తాను. తాళం ఆ రోజుకు నా దగ్గర ఉంచమని కోశాధికారి గారిని కోరుతున్నాను. మెత్తటి గుడ్డలు, ఎండు వేపాకు, పెన్సిళ్లు తెస్తున్నాను. ఒడియా బాగా రాయగలిగిన ఇద్దరైనా రావాలి. 79 వరుస పేజీలో నీలం పెన్నుతో "నిజం" అని రాసిన మనిషి ఎవరో కూడా వచ్చి చెబితే, టైప్ చేసేటప్పుడు ఆ పేరు కూడా పెడదాం.

ఇట్లు,
మీ తోటి మెకానిక్,
పర్లాకిమిడి